నాలుగో గడి

కటోసి రేవులో పొద్దున్న ఆరింటికి
పడవలు ఇంకా నీళ్లోడుతుండగానే
నముబిరు బల్ల వేసుకుంటుంది.
బల్ల మీద తూకం,
తడవకుండా ప్లాస్టిక్ సంచీలో పుస్తకం,
పుస్తకం నిండా గడులు.
"చేప రకం" అన్న మాట కింద
ఎంగెగె, ఎంపుతా, బకెట్లతో కొలిచే ముకెనె,
నాలుగో గడిలో మాంబా.
ఎవరి పక్కన ఎవరు కూచోవాలో
కంపాలా ఆఫీసులో ఎవరో
స్కేలు పెట్టి గీసేశారు.

ఇవాళ వాస్వా పడవలో మాంబా వచ్చింది.
తొట్టెలో చుట్ట చుట్టుకుని, బురద రంగులో.
పామా అంటే పాము కాదు,
రెక్కలుండాల్సిన చోట నాలుగు దారాలు.
ఉండుండి మూతి పైకెత్తి
గుక్కెడు గాలి మింగుతుంది,
మెట్లెక్కొచ్చిన ముసలమ్మలా.
పైకి రానివ్వకపోతే
పుట్టిన నీళ్లలోనే మునిగి చస్తుంది.

వాస్వా కుడిచేతికి చూపుడువేలు సగమే.
మిగతా సగం ఏదని అడిగితే
ఆ సగం వేలితోనే తొట్టె చూపిస్తాడు.
"ఎత్తి చూడు, ఎంత బరువుందో" అంటాడు కావాలనే.
అతనికి తెలుసు. రేవంతటికీ తెలుసు.
నముబిరుది మాంబా వంశం.
ముజిరో అంటారు, తినకూడని చుట్టం.
ఆ ఇంట దాన్ని వండరు, వండిన గిన్నె తోమరు.
పెళ్లి మాటల్లో మొదట అడిగేదీ అదే.
మీదే వంశం? మాంబా.
అయ్యో, మాదీ అదే, అన్నాచెల్లెళ్లయిపోయారు,
టీ తాగి వెళ్లండి.

మకెరెరెలో చదివిన రెండేళ్లలో
ఆమెకి మిగిలింది ఒక్క బొమ్మ.
ఒపొలొట్ సారు సుద్దముక్క విరిగేలా రాసేవాడు.
"అసలు చేప అనేది లేదు" అన్నాడు ఓ రోజు.
క్లాసు నవ్వింది. క్యాంటీన్లో మధ్యాహ్నం చేపే మరి.
మొప్పలున్నాయి కదా సార్? ఉన్నాయి.
పొలుసులు? చాలావాటికున్నాయి.
ఈత? వచ్చు.
మరింకేం?
"వానలో తడిసినవాళ్లంతా ఒకింటి వాళ్లవుతారా?
సొరచేప ఒంట్లో ఎముకే లేదు.
దవడే లేనిదొకటి రాళ్లకి నోరంటించుకుని బతుకుతుంది.
తిమింగలం పిల్లకి పాలిస్తుంది, దాన్నెప్పుడో పంపేశాం.
నీళ్లు చిరునామా అమ్మాయ్, ఇంటిపేరు కాదు."

అప్పుడు గీశాడు చెట్టు.
ఎంపుతా, ఎంగెగె, ముకెనె ఒక కొమ్మన.
అవతలి కొమ్మ మొదట్లో మాంబా,
ఆపైన కప్ప, కోడి,
పొడుగు కొమ్ముల అంకోలె ఆవు,
ఆ పక్కన, సుద్ద అయిపోయి,
వేలితో తన గుండె మీద పొడుచుకున్నాడు.
ఇక్కడ.
మాంబాకి ఎంపుతా కంటే మనమే దగ్గర.

అందరూ రాసుకున్నారు. నముబిరు రాసుకోలేదు.
ఇది జ్జాజ్జా ఎప్పుడో చెప్పేసింది,
చెట్టూ గిట్టూ లేకుండా, అరటికాయ చెక్కు తీస్తూ.
కాకపోతే జ్జాజ్జా చెప్పిన కారణం వేరు,
సారు చెప్పిన నలభై కోట్ల ఏళ్లు అందులో లేవు.
పైగా ఆవూ ఆ కొమ్మ మీదే ఉంది,
ఆదివారం కూరలోనూ ఉంటుంది.
వాస్వా కూడా ఆ కొమ్మవాడే,
వాళ్లింట్లో మాంబాని పొగబెట్టి తింటారు.
ఈ చిక్కు అడిగితే సారు చెవి గోక్కుని
పరీక్షలో రాదులే అన్నాడు.

"నువ్వే ఎత్తు" అంది వాస్వాతో.
ముల్లు ఊగి ఊగి ఆగింది.
నాలుగు కిలోల రెండొందలు.
బేరగాడు అప్పటికే సంచీ తెరిచి నిలబడ్డాడు.
ఆమె బరువు రాసింది. ఖరీదు రాసింది.
సంఖ్య అన్న చోట కలం ఆగింది.
అంకె వేస్తే సరిపోయేది.
తొట్టెలోంచి మూతి పైకొచ్చి
ఒక గుక్క తీసుకుంది.

ఎంగెగె ముప్పయ్యారు.
ఎంపుతా తొమ్మిది.
మాంబా: ఒకరు.

నెలాఖరున కంపాలాలో ఎవరో
తప్పు పడిందనుకుని
ఎర్రసిరాతో దిద్దుతారు.